పదిహేను వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్: మా వీధికి తక్కువ, పక్క వీధికి ఎక్కువ

ఒక్క స్టారే ఇస్తున్నా, అదీ సున్నా ఇచ్చే వీలు లేక. సరుకు పని చెయ్యలేదని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. బ్రహ్మాండంగా పని చేసింది. మేము అనుకున్న చోట తప్ప మిగతా అన్ని చోట్లా చేసింది. కొనేముందు దీని కింద ఉన్న రివ్యూలన్నీ చదివా. "సూపర్ రేంజ్ బ్రో", "మా గుడికి బాగుంది", "డెలివరీ ఫాస్ట్" అని తలా ఒక ముక్క రాసి పోయారు. వాటిని నమ్మి 4,850 రూపాయలు పెట్టి కొన్నా. నాలాగ ఇంకొకరు కొనకూడదని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి. లేదంటే ఈ ఒక్క ముక్క చాలు: కొనొద్దు.

మాది తిరుపతి, కొర్లగుంట. మా వీధి చివర రాములోరి భజన గుడి ఉంది. చిన్నదే, లోపల నలభై మంది కూర్చుంటే ఊపిరాడదు. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారుజామున నాలుగున్నరకే పూజ. ఆ నెల రోజులూ తిరుమలలో శ్రీవారికి సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు కదా, కొండ కింద ఉన్న మేము మాత్రం ఊరుకుంటామా, మాకూ రోజుకో పాశురం, దాని అర్థం, ఆ తర్వాత ఆ రోజు ఉభయదారుల (అంటే ఆ రోజు పూజ ఖర్చు పెట్టుకున్నోళ్ళ) పేర్లు, చివర్లో పొంగలి. పోయిన సంవత్సరం దాకా ఇదంతా మైకులోనే. ఈ ఏడు నెల పట్టకముందే, నీట్‌కు చదువుకునే అమ్మాయి వాళ్ళ నాయన ఒకాయన గుడికొచ్చి, గొడవేమీ పెట్టుకోకుండా, "రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచే రూలుంది సామీ, మీకు తెలీదని కాదు" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే మేమూ అరిచేవాళ్ళం. నమస్కారం పెట్టేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

కమిటీలో సెల్‌ఫోన్ సామాన్ల షాపు ఉన్నది నాకొక్కడికే. అంటే మా గుడికి టెక్నికల్ మనిషిని నేనే. మైకు సెట్టు పాడైనా, సీరియల్ బల్బులు వెలగకపోయినా నన్నే పిలుస్తారు. ఆ పొగరుతోనే ఐడియా చెప్పా: మైకు వద్దు, ఎఫ్‌ఎంలో వేద్దాం, కావాలనుకున్నోళ్ళు ఇంట్లో రేడియో పెట్టుకుంటారు, వద్దనుకున్నోళ్ళు ముసుగుదన్ని పడుకుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అందరూ శభాష్ అన్నారు. పూజారి సామి ఒక్కడే "దానికి పర్మిషన్ గిర్మిషన్ ఏమన్నా కావాల్నా నాయనా" అని అడిగాడు. ఆన్‌లైన్‌లో బహిరంగంగా అమ్ముతుంటే పర్మిషన్ ఎందుకు సామీ అన్నా. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాకే సిగ్గేస్తుంది.

సరుకు సంగతికొద్దాం. పేజీలో బడి బొమ్మ, చర్చి బొమ్మ, కార్లలో కూర్చుని సినిమా చూసే బొమ్మ వేశారు. 15 వాట్లు, 87 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మూడు నుంచి ఐదు కిలోమీటర్లు అని రాశారు. లైసెన్స్ అనే మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. డబ్బా గట్టిదే, ఇనప పెట్టె, వెనక చిన్న ఫ్యాను, ముందు నీలం డిస్‌ప్లే, రెండు బటన్లు. దాంతోపాటు ఎనిమిది మీటర్ల కేబుల్, పైకి ఒక కమ్మీ కిందికి నాలుగు కమ్మీలు ఉండే యాంటెన్నా, ఒక ఎడాప్టర్. మాన్యువల్‌లో ఎర్ర అక్షరాలతో ఉన్నది ఒకే ఒక్క హెచ్చరిక, యాంటెన్నా తగిలించకుండా కరెంటు ఇవ్వొద్దని. అది మాత్రం నిజం. యాంటెన్నా లేకపోతే బయటికి పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగి లోపలి ట్రాన్సిస్టర్‌నే కాల్చేస్తుంది. పెట్టె పాడవకుండా ఏం చెయ్యాలో ఎర్ర అక్షరాల్లో చెప్పినవాళ్ళు, పెట్టె వల్ల మనమేం పాడుచేస్తామో నల్ల అక్షరాల్లో కూడా చెప్పలేదు.

వాళ్ళిచ్చిన ఎడాప్టర్‌తో పెడితే పాశురం వెనకాల గుయ్య్ అని ఒకటే మోత, తంబూరా అనుకుందామా అంటే శృతి కలవదు. మా షాపులో సీసీ కెమెరాలకు అమ్మే 12 వోల్టుల ఎడాప్టర్ తెచ్చి తగిలిస్తే పోయింది. అరగంట నడిచాక డబ్బా మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టె లాగుంది. మంచు పడుతుందని గుడి మిద్దె మీద దానికి ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించా. గాలాడాలని ఇటుక పెట్టి ఒక పక్క లేపా. ఈ బకెట్ సంగతి గుర్తుపెట్టుకోండి.

నంబర్ ఎంచుకోవడానికి నేనేదో చాలా జాగ్రత్త పడ్డాననే అనుకున్నా. మిద్దె మీద నిలబడి చిన్న రేడియోతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పా. ఆకాశవాణి తిరుపతి ఉంది, ప్రైవేటువి 92.7, 93.5 ఉన్నాయి. వాటికి దూరంగా, బుస్‌మని చప్పుడు తప్ప ఏమీ లేని చోట మా నంబర్ పెట్టా. పాంప్లెట్లు కొట్టించాం. వీధిలో 38 గడపలు, అన్నింటికీ పంచాం.

మొదటి రోజు నాలుగున్నరకు పాశురం మొదలైంది. విన్నది ఎంతమందో తెలుసా? ఆరుగురు. 38 ఇళ్ళలో నడిచే రేడియోలు ఉన్నది ఏడింట్లోనే, అందులో ఒకటి అటక మీదుంది. ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంటుందిలే అనుకున్నా, సగం కొత్త ఫోన్లలో అసలు లేదు. 2023లో కేంద్రం ఫోన్ కంపెనీలకు ఎఫ్‌ఎం తీసెయ్యొద్దని సలహా అయితే ఇచ్చింది గానీ సలహా సలహాయే కదా. ఉన్న ఫోన్లలో కూడా వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చితేనే వస్తుంది, ఆ వైరే యాంటెన్నా. "నా ఫోన్‌లో రేడియో ఉందప్పా, వైరు పెట్టమంటాంది, మా పిల్లోడు చెవిలో గింజలు కొనిచ్చినాడు, వాటికి వైరు యాడుంటాది" అని ఎదురింటి అత్త అడిగింది. ఆమెకు షాపు నుంచి నూట ఇరవై రూపాయల ఇయర్‌ఫోన్ ఊరికే ఇచ్చా. ఆ లెక్కన ఆరో శ్రోత నా సొంత ఖర్చుతో వచ్చింది.

వీధిలో వినేవాళ్ళు లేరు గానీ రేంజ్ చూద్దామని నేను స్కూటర్ తీశా. ఇయర్‌ఫోన్ పెట్టుకుని లీలామహల్ సర్కిల్ దాకా పోతే, మన పూజారి సామి గొంతు పక్కన కూర్చుని చెప్పినట్టుంది. కపిలతీర్థం దగ్గరా గట్టిగానే ఉంది. అలిపిరికి పోయేసరికి కొండ నీడ వల్లనో ఏమో రాను పోను మొదలైంది. బాలాజీ కాలనీ వైపు వెనక్కి వస్తుంటే మళ్ళీ అందుకుంది. ఒక వీధి కోసం పెట్టింది సగం ఊరికి వినపడుతోంది! నాకు ఎంత సంతోషం వేసిందంటే, అక్కడే కాఫీ తాగి, ఆటో అతన్ని పిలిచి మరీ మా నంబర్ పెట్టించి వినిపించా. బుద్ధున్నవాడైతే అక్కడే ఆగి, వీధి దాటి ఇంత దూరం వస్తోందంటే ఇది ఇంకెవరి మీద పడుతోందో అని అనుమానపడాలి. నాకు రాలేదు.

అసలు కథ ఆ తర్వాత నడిచింది. ఒక రాత్రి కరెంటు పోయింది, ఐదు నిమిషాల్లో వచ్చింది. మామూలే. ఈ పెట్టెకున్న గొప్ప గుణం ఏంటంటే, కరెంటు పోయి వస్తే మనం పెట్టిన నంబర్ మర్చిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన నంబర్‌కు తనంతట తానే వెళ్ళిపోతుంది. మాన్యువల్‌లో ఈ ముక్క లేదు. డిస్‌ప్లే చూస్తే తెలిసేది, దాని మీద బకెట్ ఉంది. రోజూ కింద గుడిలో నుంచి వైరు ద్వారా మాటలు పంపిస్తున్నాం, మిద్దె ఎక్కే పనే లేదు. అలా నాలుగు రోజులు గడిచాయి. మా నంబర్‌లో పాశురం రావడం లేదని మా ఆరుగురు శ్రోతల్లో ఒక్కరంటే ఒక్కరు వచ్చి అడగలేదు. నా ఇయర్‌ఫోన్ తీసుకున్న అత్త కూడా.

ఐదో రోజు షాపు తెరుస్తుంటే ఒక పెద్దాయన చేతిలో రేడియో పట్టుకుని వచ్చాడు. రెండు వీధుల అవతల ఉంటాడు, మొహం తెలుసు, మాట్లాడింది లేదు.

"ఏమబ్బా, పొద్దున్నే ఉభయదారుల పేర్లు చదివేది మీ గుళ్ళోనేనా?"

"అవును తాతా, బాగా వినపడ్తాందా?" నేను ఇంత మొహం చేసుకుని అడిగా.

"బాగా వినపడ్తాంది. నాలుగు దినాల నుంచి నా వార్తలే వినపళ్ళేదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. పొద్దున లేస్తే ఆకాశవాణి తిరుపతి పెట్టుకోవడం, భక్తిరంజని వింటూ పళ్ళు తోముకోవడం, ఆరూ నలభై ఐదుకు ప్రాంతీయ వార్తలు వినడం, ఆ తర్వాతే ఇడ్లీ. ఎన్నో ఏళ్ళుగా అదే వరస. అట్లాంటిది నాలుగు రోజులుగా అదే చోట మా పాశురాలు. "పాశురాలంటే నాకూ ఇష్టమే నాయనా, కాదన్ను. అవి అయిపోయినాక ఏంది మరి? దినమంతా మూగ. బుర్రుమని కూడా అనదు. సెల్లులు అయిపోయినాయేమోనని రెండుసార్లు మార్చినా."

ఈ మూగ సంగతి నాకు కొత్త. పెట్టె ఆపకుండా మాటలు మాత్రం ఆపితే, అది మౌనాన్నే ప్రసారం చేస్తూ ఉంటుందట. ఖాళీ నంబర్‌లో వచ్చే బుస్‌మనే చప్పుడు కూడా రాదు. అంటే నాలుగు రోజులు, రోజుకు దాదాపు ఇరవై రెండు గంటలు, మేము ఆకాశవాణి నోరు నొక్కి పట్టుకుని కూర్చున్నాం, చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకుండానే.

ఆయన వెంబడి వాళ్ళింటికి పోయా. పాతకాలపు ఇల్లు, ముందు వసారా, పెరట్లో తులసికోట. రేడియో నా చేతికిచ్చి నడవమన్నాడు. తులసికోట దగ్గర పూర్తిగా మూగ. రెండడుగులు వేసి వసారా స్తంభం చాటుకు వస్తే ఠక్కున ఎవరో అమ్మాయి గొంతు, వ్యవసాయ కార్యక్రమం, స్పష్టంగా. ఒక అడుగు వెనక్కి వేస్తే మళ్ళీ మూగ. మధ్యలో కలగాపులగం ఏమీ లేదు, అయితే అది, లేదంటే ఇది. మెడ్రాసు పక్కనే కాబట్టి చిన్నప్పుడు రాత్రిళ్ళు మీడియం వేవ్ పెడితే తమిళం మీద తెలుగు, తెలుగు మీద కన్నడం కలిసి వినపడేవి, ఇదీ అట్లాగే ఉంటుందనుకున్నా. ఎఫ్‌ఎం పద్ధతి వేరట. ఒకే నంబర్ మీద రెండు వస్తే రేడియో వాటిలో కొంచెం బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని తొక్కేస్తుంది. ఆ పెద్దాయన నాలుగు రోజులుగా ఆ స్తంభానికి ఆనుకుని నిలబడే వార్తలు వినడానికి ప్రయత్నించాడు. చేతికర్ర పట్టుకుని.

గుడికి పరిగెత్తి బకెట్ తీసి చూశా. డిస్‌ప్లే మీద అచ్చంగా ఆకాశవాణి నంబరే నీలంగా మెరుస్తోంది. వైరు పీకేశా.

తర్వాత పెట్టెను గాంధీ రోడ్డు సందులో నాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి తీసుకుపోయా. ఇప్పుడు టీవీలే బాగుచేస్తాడు గానీ చెయ్యి తిరిగింది రేడియోల మీద. చూడగానే "దీన్ని ఎవురు కొనమన్యారు రా నిన్ను" అన్నాడు. ఆకాశవాణిది కిలోవాట్ల లెక్క, మాది పదిహేను వాట్లు, ఏనుగు మీద దోమ ఎట్లా గెలుస్తుంది అని అడిగా. "ఏనుగు ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉంది, దోమ చెవిలో ఉంది" అన్నాడు. (మన ఊళ్ళో ఆ రోడ్డు పేరులో ఉన్న ఎయిర్ అంటే ఆలిండియా రేడియో అని, విమానం కాదని సగం మందికి తెలీదు. మొన్నటిదాకా నాకూ తెలీదు.) దూరం పెరిగే కొద్దీ సిగ్నల్ బలం దబదబా పడిపోతుంది కాబట్టి ఊరి ఆ చివర ఉన్న పెద్ద స్టేషన్‌ను ఈ చివర ఉన్న చిన్న పెట్టె రెండు మూడు వీధుల మేర తేలిగ్గా మింగేస్తుంది. ఊరి మొత్తానికి కాదు, మనింటి చుట్టుపక్కలకే. ఎవరికి దగ్గరగా ఉన్నామో వాళ్ళకే ద్రోహం చేస్తామన్నమాట.

అన్న వాళ్ళ అల్లుడు యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి లాప్‌టాప్‌కు పెట్టి తరంగాలను బొమ్మ గీసినట్టు చూపించాడు. యాంటెన్నా బదులు బెంచీ మీద డమ్మీ లోడ్ తగిలించి, గాల్లోకి పోకుండా చూశాం. మధ్యలో మా సిగ్నల్ గోపురం లాగా నిలబడింది, బాగుంది. పాట వాల్యూమ్ పెంచగానే ఆ గోపురం రెండు పక్కలకూ ఉబ్బింది. స్టేషన్ అన్నాక దాని హద్దులో అది ఉండాలి, అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ మించి ఊగకూడదు. ఇది గొంతు పెంచితే పక్కోడి పెరట్లోకి దూకేస్తుంది. అంటే నేను ఎంత జాగ్రత్తగా ఖాళీ నంబర్ ఎంచుకున్నా, మొదటి నుంచీ పక్క స్టేషన్ల మీద కూడా కొంత చల్లుతూనే ఉన్నామన్నమాట. పైగా దూరంగా, ఉండకూడని చోట్ల, చిన్నచిన్న మొలకలు. అందులో ఒకటి 108 దాటి ఉంది.

"108 దాటినాక ఏముంటాదో తెలుసా మామా?" అన్నాడు అల్లుడు. అక్కడి నుంచి 118 దాకా విమానాలకు దారి చూపించే సిగ్నళ్ళు, ఆ పైన 137 దాకా పైలట్లు టవర్‌తో మాట్లాడుకునే చోటు. ఎఫ్‌ఎం బ్యాండ్‌కూ వాటికీ మధ్య గోడ కూడా లేదు, గడప ఒకటే. మన ఊరికి రేణిగుంట విమానాశ్రయం ఎంత దూరం? ఆ చిన్న మొలక అంత దూరం పోయిందని నేను అనడం లేదు, పోలేదనే మొక్కుకుంటున్నా. కానీ ఆ మాట విన్నాక ఒళ్ళు చల్లబడింది. మంచి స్టేషన్లలో ఈ మొలకలు రాకుండా ఆపడానికి ఫిల్టర్లు ఉంటాయి. ఈ పెట్టె మూత తీసి చూస్తే ఫిల్టర్ ఉండాల్సిన చోట రెండు తీగ చుట్టలు, మీద ఇంత జిగురు.

ఆ రాత్రి నిద్ర పట్టక చట్టం చదివా. 1933 నాటి వైర్‌లెస్ చట్టంలోనే లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకుంటే మూడేళ్ళ దాకా జైలు అని ఉంది. వాడటం కాదు, దగ్గర పెట్టుకోవడమే. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ చట్టంలో అనుమతి లేకుండా నెట్‌వర్క్ పెడితే మూడేళ్ళ దాకా జైలో, రెండు కోట్ల దాకా జరిమానానో, రెండూనో. మా గుడి హుండీ సంవత్సరానికి ఎంత వస్తుందో నాకు తెలుసు కాబట్టి ఆ రెండు కోట్ల దగ్గర కాసేపు ఆగిపోయా. మా బావమరిది మాత్రం "గాలి ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే చెప్పింది బావా, మనం ప్రజలం కాదా" అని వాదించాడు. 1995లో చెప్పిన మాట నిజమే, ఆ తరంగాలు ప్రజల ఆస్తి అనే. రోడ్డు కూడా ప్రజల ఆస్తే రా, నడిమధ్యలో షామియానా వేస్తే ఊరుకుంటారా అన్నా. మన ఊళ్ళో ఊరుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఇలాంటి దొంగ స్టేషన్లను పైరేట్ రేడియో అంటారని, దానికి పెద్ద చరిత్రే ఉందని అప్పుడే తెలిసింది. 1964లో ఇంగ్లండ్ తీరం అవతల ఓడ మీద నుంచి రేడియో కరోలిన్ పాటలు వేసింది, 1967లో దానికోసమే చట్టం తెచ్చారు. లండన్‌లో ఎత్తైన అపార్ట్‌మెంట్ల మీద రాత్రికి రాత్రి యాంటెన్నాలు కట్టేవాళ్ళట. అందులో కిస్ ఎఫ్‌ఎం 1985లో దొంగగా మొదలై 1990కి లైసెన్స్ తెచ్చుకుంది. అమెరికాలో ఈ బెడద ఎక్కువై 2020లో రోజుకు లక్ష డాలర్ల దాకా జరిమానా వేసేలా చట్టం చేశారు. మన దేశంలో బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ అనే రేడియో మెకానిక్ యాభై రూపాయల కిట్‌తో ఊరికి ఎఫ్‌ఎం నడిపాడు, ఊరంతా ఇష్టపడింది, లైసెన్స్ లేదని 2006లో మూయించారు. ఆయన కథ చదివితే బాధేసింది. కానీ అక్కడికి ఇక్కడికి తేడా ఉంది. ఏమీ లేని ఊళ్ళో ఆయన ఒక స్టేషన్ పెట్టాడు. ఉన్న స్టేషన్ మీద మేము బకెట్ బోర్లించాం.

గట్టిగా కావాలనుకుంటే పద్ధతిగా చేసే దారి లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి 90.4 మీద లైసెన్స్‌తోనే వస్తోంది. కమ్యూనిటీ రేడియోకు సంస్థలు, విద్యాలయాలు అప్లై చేసుకోవచ్చు, విడి మనుషులకు ఇవ్వరు. ఒక నెల పాశురాల కోసం అంత పని మాకెందుకులెండి.

ఇక అమ్మినవాళ్ళ సర్వీసు. రిటర్న్ పెడితే "వస్తువులో లోపం లేదు, బాక్స్ ఓపెన్ చేశారు" అని తిరగ్గొట్టారు. లోపం వస్తువులో కాదు, అమ్మడంలో ఉందని రాశా. ఇట్లా అనుమతి లేని రేడియో సామాను, వాకీటాకీలు ఆన్‌లైన్‌లో పెట్టకుండా 2025లో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిందని కూడా రాశా. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ అనుభవానికి ఐదులో ఎన్ని మార్కులు వేస్తారు" అని వచ్చింది. వారం తర్వాత చూస్తే ఆ పేజీ పోయింది. పక్కనే వేరే పేరుతో, అదే నీలం డిస్‌ప్లేతో, రెండొందలు తక్కువకు ఇంకొకటి. దానికింద కూడా సూపర్ రేంజ్ బ్రో.

ఇప్పుడు గుడిలో నాలుగున్నరకు తలుపులు వేసుకుని చిన్న స్పీకర్‌తో కానిచ్చేస్తున్నాం, రికార్డింగ్ ఆరు దాటాక వీధి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. ఉభయదారులకు అదే నచ్చింది, వాళ్ళ పేరు అమెరికాలో పిల్లలకు పంపించుకోవచ్చు కదా. నీట్ అమ్మాయి వాళ్ళ నాయన కూడా ఒక రోజు ఉభయం రాయించుకున్నాడు.

పెట్టెను ఇంట్లో పెట్టుకోవాలంటే భయం, ఇంకొకరికి అమ్మాలంటే పాపం. మెకానిక్ అన్న దాన్ని నా కళ్ళముందే విప్పి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పీకి, బోర్డు రెండు ముక్కలు చేశాడు. ఫ్యాను నా షాపులో రౌటర్ వెనకాల తిరుగుతోంది. పెద్దాయన దగ్గరికి క్షమాపణ చెప్పుకోవడానికి పోతే ఆయన లోపల్నుంచి ఒక చిన్న పుస్తకం తెచ్చి చూపించాడు, పోస్టాఫీసు ముద్రలతో, ఒకప్పటి రేడియో లైసెన్స్ పుస్తకం. "వినేదానికే ఏటా డబ్బు కట్టినోళ్ళం నాయనా మేము" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. కాఫీ ఇప్పించాడు.

మిగిలింది యాంటెన్నా ఒక్కటి. వినడానికి వాడుకుంటే దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు కాబట్టి అన్నను పిలుచుకుపోయి పెద్దాయన మిద్దె మీద కట్టించా, కేబుల్ కిందికి దించి రేడియో కమ్మీకి క్లిప్పుతో తగిలించాం. ఇప్పుడు తులసికోట దగ్గర, స్తంభం దగ్గర, వంటింట్లో, ఎక్కడ పెట్టినా అది ఆకాశవాణి తిరుపతే. ఆరూ నలభై ఐదుకు వీధిలోకి వినపడుతుంది. యాంటెన్నా ఒక్కటే విడిగా అమ్మితే చెప్పండి, దానికి నాలుగు స్టార్లు ఇస్తా. ఒకటి ఎందుకు తగ్గించానంటే కమ్మీల బోల్టులు అప్పుడే తుప్పు పడుతున్నాయి.